యోబు గ్రంథమున మధ్యమపురుషము

యోబు పేరు వినినంతనే క్రైస్తవులకు ఓర్పు స్ఫురించును. హరిశ్చంద్రుని పేరు సత్యమునకును, కర్ణుని పేరు దానమునకును ఎట్లు పర్యాయములైనవో, ఈ పేరును ఓర్పునకు అట్లే పర్యాయమైనది. దీనికి మూలము క్రొత్తనిబంధనమునందలి యాకోబు పత్రిక. అందు అయిదవ యధ్యాయమున యోబుయొక్క సహనము భక్తులకు ఉదాహరణముగా చూపబడినది. కాని నలువదిరెండధ్యాయముల యీ గ్రంథమును మొదటినుండి తుదివఱకు చదివినవారికి ఒక సంశయము కలుగక మానదు. లోకమెఱిగిన ఓర్పుగల యోబు తొలి రెండధ్యాయములలో మాత్రమే కానవచ్చును. మూడవ యధ్యాయమున అతడు నోరు తెఱచి తాను పుట్టిన దినమును శపించును. అది మొదలు ముప్పదియొకటవ యధ్యాయాంతమువఱకు అతని పలుకులలో పెద్దపాలు ఫిర్యాదే. దేవుడు తన్ను గుఱిగా నిలిపి బాణములు వేయుచున్నాడనును. తనకును ఆయనకును నడుమ తీర్పరి లేడని వగచును. వ్యాజ్యెమునకు రమ్మని పిలుచును. ఇట్టివానిని ఓర్పునకు ఉదాహరణముగా గ్రహించుట యెట్లు?

యాకోబు పత్రికలోని గ్రీకుపదము 'హుపొమొనే'. అందు 'హుపొ' అనునది అడుగున అను అర్థమునిచ్చు ఉపసర్గ. తక్కినది నిలుచుట యను అర్థముగల ధాతువునుండి పుట్టినది. భారము క్రింద నిలిచియుండుట అని అవయవార్థము. తెలుగున ఓర్పనగా నోరు మూసికొని పడియుండుట యని రూఢి. ఆ గ్రీకుపదమునకు మౌనముతో నిమిత్తము లేదు. బరువును దింపి పాఱిపోకుండుటయే దాని సారము. మోయుచు మొఱపెట్టినను ఆ పదమునకు హాని లేదు. కావున యాకోబు తప్పు చెప్పినాడనుటకంటె, ఆయన మాటను వినినవారు సగమే వినిరనుట యుక్తము. పోప్ గ్రెగొరి క్రీ.శ. 6వ శతాబ్దిని యోబు గ్రంథమునకు 35 సంపుటములుగా వ్యాఖ్య వ్రాసెను. కాల్విను 1554, 1555 సంవత్సరములలో దీనిపై 159 ప్రసంగములు చేసెను. ఇంత వ్యాఖ్యానము పెరిగినను సామాన్యజనులలో నిలిచినది తొలి రెండధ్యాయముల యోబే యగుట విచారింపదగిన విషయము.

గ్రంథస్వరూపము ముందు చూడవలెను. ఆద్యంతములు గద్యము, నడిమిభాగము పద్యము. ఊజు దేశమున యోబు అను యథార్థవంతుడు కలడు. అతనికి ఏడుగురు కుమారులు, ముగ్గురు కుమార్తెలు, 7,000 గొఱ్ఱెలు, 3,000 ఒంటెలు, 500 జతల యెడ్లు, 500 గాడిదలు. దేవసభలో అపవాది యతనిభక్తిని శంకించును. అనుజ్ఞ పొంది యొక్కదినమున సర్వస్వమును, సంతానమును హరించును; పిమ్మట దేహమును వ్రణమయము చేయును. ముగ్గురు స్నేహితులు, ఎలీఫజు, బిల్దదు, జోఫరు, ఓదార్చుటకు వత్తురు. వారికిని అతనికిని వాదము జరుగును. నడుమ ఎలీహు అను యువకుడు వచ్చి యాఱధ్యాయములు మాటలాడును. తుదకు సుడిగాలినుండి దేవుడు పలుకును. యోబు పోయినదానికి రెట్టింపు పొందును.

ఇక్కడ 'అపవాది' యను తెలుగుమాటను మెచ్చుకొనవలెను. హీబ్రూమూలమున 'సాతాను' శబ్దమునకు ముందు నిర్దేశవాచకమైన 'హ' కలదు. సంజ్ఞానామమునకు ముందు ఆ భాషలో అది రాదు. కావున అది యొకని పేరు కాదు. అభియోగము చేయువాడను అధికారనామము. తెలుగు అనువాదకులు దీనిని సంజ్ఞగా వ్రాయక 'అపవాది' యనుట వారి శబ్దజ్ఞానమునకు తార్కాణము.

ఒక గ్రంథమునకు తాత్పర్యమును నిర్ణయించుటకు మీమాంసకులు ఉపక్రమోపసంహారములను, అభ్యాసమును, అపూర్వతను మొదలైనవానిని లింగములుగా చెప్పిరి. యోబు గ్రంథమునకు ఈ కొలత చక్కగా అమరును. అభ్యాసమునే మొదట చూడుడు. 'హిన్నాం' అను చిన్న యవ్యయమొకటి యిందు నాలుగుచోట్ల వచ్చును. ప్రతిఫలము లేక, కారణము లేక, అని దాని యర్థము. మొదటిసారి దానిని పలికినవాడు అపవాది: యోబుభక్తి 'హిన్నాం' కాదని, కూలికి చేయు భక్తియని అతని యభియోగము. రెండవసారి పలికినవాడు దేవుడే: తాను యోబును పాడుచేయుటకు 'హిన్నాం' ప్రేరేపింపబడితినని ఆయన యొప్పుకొనును. మూడవసారి తొమ్మిదవ యధ్యాయమున యోబు, తనగాయములు 'హిన్నాం' పెరుగుచున్నవనును. నాలుగవసారి ఇరువదిరెండవ యధ్యాయమున ఎలీఫజు, యోబు తన సోదరులయొద్ద 'హిన్నాం' తాకట్టులు గైకొనెనని నింద మోపును. అపవాది, దేవుడు, బాధితుడు, బాధితుని నిందించువాడు, నలుగురి నోటను ఒక్క మాటయే. ప్రతిఫలము లేని భక్తి యుండునా యను ప్రశ్నయు, కారణము లేని బాధ యుండునా యను ప్రశ్నయు ఒక్కటే యని కవి యీ యవ్యయముచేత చెప్పినాడు. కూలి లేని భక్తి యున్నదని తేలవలెనన్న నేరము లేని బాధ యుండితీరవలెను. తెలుగున నిది మొదటిచోట 'ఊరకయే' యనియు, తరువాత వేఱుపదములచేతను అనువదింపబడుటవలన ఈ దారము తెగినది. ప్రత్యేకముగా ఏ వాక్యమును తప్పు కాదు. నాలుగును కలిపి చదువునపుడే నష్టము తెలియును.

స్నేహితుల వాదమునందలి దోషము తర్కము చదివినవారికి వెంటనే పొడకట్టును. పాపమున్నచోట దుఃఖము కలుగునను వ్యాప్తిని వారు పెద్దలనుండి నేర్చిరి. దానిని తలక్రిందుచేసి, దుఃఖమును చూచి పాపమును ఊహించిరి. పొగనుండి నిప్పును ఊహింపవచ్చును గాని నిప్పునుండి పొగను ఊహింపరాదు. ఎఱ్ఱగా కాలిన యినుపగుండునందు నిప్పున్నను పొగ లేదు. యోబు ఆ యినుపగుండు. ఎలీఫజు మొదట మెల్లగానే మాటలాడెను. తాను రాత్రి కన్న దర్శనమును చెప్పెను. యోబు తన నిర్దోషతను విడువకపోగా, ఇరువదిరెండవ యధ్యాయమునకు వచ్చుసరికి అతడే దప్పిగొన్నవానికి నీళ్లీయలేదని, విధవరాండ్రను వట్టిచేతులతో పంపెనని, ఎన్నడును జరుగని నేరములను పేర్కొన జొచ్చెను. వ్యాప్తిని నిలుపుకొనుటకై మనుష్యుని పాడుచేయుట యిది. బిల్దదు పదుగురు బిడ్డలను పోగొట్టుకొన్న తండ్రియెదుట, వారు తమ పాపమునకు ఫలము పొందియుందురని యనెను. ఈ ముగ్గురును వచ్చిన తొలి యేడుదినములు, ఏడురాత్రులు నేలమీద కూర్చుండి యొక్కమాటయు పలుకలేదని గ్రంథము చెప్పుచున్నది. వారు చేసిన ఉపకారము అదియొక్కటే. చావు వచ్చిన యింటికి పలుకరింపబోయి, ఏ జన్మమున ఏమి చేసికొంటివో యని నిట్టూర్చువారు తెలుగునాటను కొఱతపడలేదు గనుక ఎలీఫజును పరదేశీయునిగా చూడ బనిలేదు. 'దేవుడు నిన్ను పరీక్షించుచున్నాడు' అని వెంటనే చెప్పివేయు క్రైస్తవబంధువును ఆ వరుసలోనివాడే. పరీక్ష యను మాట చదువరికి తెలియును. యోబునకు మాత్రము తుదివఱకును ఎవరును చెప్పలేదు.

యోబు భార్యనుగూర్చి యొకమాట. ఆమె దేవుని దూషించి మరణింపుమనెను. మూలమున నున్న ధాతువునకు దీవించుట యని యర్థము. దేవుని విషయమున దూషణపదము పలుకుట కిష్టములేక లేఖకులు విపరీతలక్షణచేత ఇట్లు వ్రాసిరని పండితుల యభిప్రాయము; దీపము ఆఱినదనక కొండెక్కినదనుట వంటిది. అగస్టీను ఈమెను సాతానునకు సహాయురాలనెను. ఆ పదుగురిని కన్నతల్లి యామెయే యను సంగతి ఆయనకు ఆ క్షణమున తోచినట్లు లేదు.

ఇక ప్రధానవిషయము. సంస్కృతవ్యాకరణమున మూడు పురుషములు. ఎదుట లేనివానినిగూర్చి చెప్పునది ప్రథమపురుషము. ఎదుటివానితో చెప్పునది మధ్యమపురుషము. స్నేహితుల యుపన్యాసములన్నియు వెదకిచూచినను, వారిలో ఒక్కడైనను ఒక్కసారియైనను దేవుని 'నీవు' అని సంబోధించుట కానరాదు. వారు చెప్పినదంతయు దేవునిగూర్చి. అది చాలవఱకు సత్యమే. వారి వాక్యములలో కొన్ని దేవాలయగోడలపై వ్రాసికొన దగినంత చక్కనివి. కాని యది ప్రథమపురుషము. యోబు అట్లు కాదు. ఏడవ యధ్యాయమున స్నేహితులకు ప్రత్యుత్తర మిచ్చుచునే, ఎచ్చట మలగెనో తెలియకుండ, దేవునివైపు తిరిగి 'నీవు' అనును. గ్రుక్క మ్రింగునంతసేపైనను తన్ను విడువవా యని యడుగును. పదవ యధ్యాయమున, నీ చేతులే నన్ను చేసెను గదా, పాలు పోసి పెరుగు తోడుపెట్టినట్లు నన్ను పేరబెట్టితివి గదా, ఇప్పుడు మ్రింగివేయుదువా యను భావమును చెప్పును. పదునాలుగవ యధ్యాయమున, నీ కోపము చల్లాఱువఱకు నన్ను పాతాళమున దాచిపెట్టి, యొక గడువు వేసి, మఱల జ్ఞాపకము చేసికొనుమని వేడుకొనును. ఎవని కోపమునుండి తప్పింపవలెనో వానినే దాచుమని యడుగుట! ఈ యసంగతియే యీ గ్రంథమునందలి విశ్వాసము. శత్రువని తోచినవానిని ఆశ్రయముగా పిలుచుటకు మధ్యమపురుషము తప్ప వేఱు సాధనము లేదు.

పదునేడవ యధ్యాయము పిమ్మట ఈ సంబోధనము ఆగిపోవుట గమనింపదగినది. పండ్రెండధ్యాయముల పర్యంతము యోబు దేవుని 'ఆయన' అనియే పలుకును. తూర్పునకు పోయినను, పడమటికి పోయినను ఆయన కానరాడని ఇరువదిమూడవ యధ్యాయమున చెప్పును. స్నేహితుల భాష బాధితునికిని అంటుకొన్నదా యని చదువరి భయపడును. ముప్పదవ యధ్యాయమున నాలుగు వాక్యములపాటు 'నీవు' మఱల వచ్చును. నేను మొఱపెట్టుచున్నాను, నీవు ఉత్తరమీయవు, అని దాని భావము. అది కఠినమైన వాక్యమే. అయినను ముఖము తిరిగినది. అచ్చటినుండి దేవుని ప్రత్యుత్తరమునకు ఎలీహు ఆఱధ్యాయములు మాత్రమే అడ్డము. ఎలీహుప్రసంగమును తరువాతివారు చేర్చిరని పలువురు పండితులు తలచెదరు. బాధ శిక్షణమని యతడు చెప్పిన మాట స్నేహితుల మాటకంటె కొంత మేలుగానున్నను, తుదిని దేవుడు ముగ్గురు స్నేహితులను పేర్కొని ఎలీహును మెచ్చను లేదు, గద్దింపను లేదు. ఇక్కడను అంతకంటె ఎక్కువ చెప్ప బనిలేదు.

విశ్వాసవాక్యముగా భక్తులు మిక్కిలి ఉదాహరించునది పదుమూడవ యధ్యాయము పదునైదవ వాక్యము. ఆయన చంపినను ఆయనకొరకే నిరీక్షింతునను భావమున తెలుగు అనువాదము దానిని గ్రహించినది. కాని మూలపాఠమున నొక చిక్కు కలదు. వ్రాతలో నున్న పదము లామెదు, ఆలెపు అను రెండక్షరములు. దానికి 'లేదు' అని యర్థము. చదువవలసినదిగా లేఖకులు సూచించిన పదము లామెదు, వావు. దానికి 'ఆయనకొరకు' అని యర్థము. ఉచ్చారణము రెండింటికిని ఒక్కటే. వ్రాతను పట్టినచో, ఆయన నన్ను చంపును, నాకు ఆశ లేదు, అని తేలును. క్రీ.శ. 200 ప్రాంతమున సంకలితమైన మిష్నాలో, సోటా ప్రకరణమున, ఈ సంశయమే చర్చింపబడినది. యోబు దేవుని ప్రేమచేత సేవించెనని యీ వాక్యమునుబట్టి యొక రబ్బీ చెప్పగా, వాక్యము త్రాసులో సమముగానున్నదని ఆక్షేపము వచ్చెను. మరణించువఱకు యథార్థతను విడువనను ఇరువదియేడవ యధ్యాయవాక్యముచేత ఆ సంశయము తీర్పబడెను. ఇది మిక్కిలి సమంజసమైన మార్గము. సందిగ్ధవాక్యమును అసందిగ్ధవాక్యముచేత నిర్ణయించుట అన్ని శాస్త్రములకును సమ్మతమే.

అయితే క్రైస్తవప్రసంగములలో ఈ వాక్యము పూర్వార్ధముతోనే నిలిచిపోవుచున్నది. ఉత్తరార్ధమున యోబు, నా ప్రవర్తనను ఆయన యెదుటనే సమర్థించుకొందునని చెప్పుచున్నాడు. రెండు పాఠములలో ఏది గైకొన్నను ఉత్తరార్ధము మాఱదు. ఆశ యున్నను సరే, లేకున్నను సరే, పోవలసిన చోటు ఆయన సన్నిధియే యని యోబు నిశ్చయము. కావున పాఠభేదమువలన భక్తునికి కలుగు నష్టము మొదట తోచినంత లేదు. సగము వాక్యమును ఉదాహరించుటవలన కలుగు నష్టమే యెక్కువ. విశ్వాసమును వినయముగా మాత్రమే చూపి, అందలి న్యాయకాంక్షను దాచివేయుచున్నది.

దేవుని ప్రత్యుత్తరము నాలుగధ్యాయములు. అందు యోబు ప్రశ్నకు జవాబు లేదు. పందెమునుగూర్చి యొక్క యక్షరము లేదు. నేలకు పునాది యెవరు వేసిరి, మనుష్యసంచారము లేని యెడారిపై వాన యేల కురియును, అడవిగాడిదను ఎవరు విడిచిరి, నిప్పుకోడి తన గ్రుడ్లను మఱచునేల, అని ప్రశ్నపై ప్రశ్న. పిమ్మట బెహేమోతు, లివియాతాను అను రెండు మహాజంతువుల వర్ణనము. 'బెహేమోతు' రూపమున బహువచనము, అర్థమున ఏకవచనము. గౌరవమునకు బహువచనము వాడు భాషవారికి ఇది వింత కాదు. వర్ణనము దీర్ఘమైనదని యాక్షేపింపవచ్చును. లివియాతానునకు ఒక యధ్యాయమంతయు కేటాయించుట ప్రబంధకవులకైనను సాహసమే. కాని ఎడారిమీది వానను మఱవరాదు. ప్రతిఫలము లేక, చూచువాడు లేక, కురియు వాన యది. 'హిన్నాం' అను మాట యిక్కడ పలుకబడలేదు గాని దాని యర్థము వర్షించినది. లోకము కూలిలెక్కపై నడచుట లేదని తెలుపుటకు ఇంతకంటె చక్కని దృష్టాంతము దొరకదు.

ఉపసంహారమున రెండు వాక్యములు ముఖ్యములు. నలువదిరెండవ యధ్యాయము ఆఱవ వాక్యమున యోబు చెప్పిన మాటను, తన్ను తాను అసహ్యించుకొని ధూళిలోను బూడిదెలోను పశ్చాత్తాపపడెనని తెలుగు చేసిరి. మూలమున మొదటి క్రియ సకర్మకము, కర్మ లేదు. 'నన్ను నేను' అనునది అనువాదకుల యధ్యాహారము. రెండవ క్రియకు పశ్చాత్తాపపడుట, ఊఱట పొందుట యని రెండర్థములు కలవు. స్నేహితులు యోబును ఓదార్ప వచ్చిరన్నచోటను ఆ ధాతువే. ధూళియు బూడిదెయు అను జంటపదము పాతనిబంధనమున మూడుచోట్లనే యున్నది: ఆదికాండమున సొదొమపక్షమున దేవునితో వాదించు అబ్రాహాము తన్నుగూర్చి యన్నది యొకటి, తక్కిన రెండును యోబువే. కావున, వాదమును విడిచి, ధూళియు బూడిదెయునైన మానవస్థితివిషయమున ఊఱట పొందితిననియు అన్వయింపవచ్చును. రెండర్థములలో ఒకటియే నిజమని పట్టుపట్టుట సాహసమగును. పశ్చాత్తాపమును గ్రహించినను అది స్నేహితులు మోపిన నేరములకు పశ్చాత్తాపము కాదు. అది మాత్రము నిశ్చయము.

ఏడవ వాక్యము గ్రంథమునకు తాళపుచెవి. యోబు పలికినట్లు మీరు యుక్తముగా పలుకలేదని దేవుడు ఎలీఫజుతో చెప్పును. ముప్పదియెనిమిదవ యధ్యాయమున జ్ఞానము లేని మాటలు పలికెనని యోబును గద్దించిన దేవుడే యిక్కడ యోబుమాట యుక్తమనుట పూర్వోత్తరవిరోధముగా కన్పట్టును. గద్యభాగము వేఱొక ప్రాచీనకథ యనియు, అందలి యోబు నోరెత్తనివాడనియు చెప్పి కొందఱు ఈ విరోధమును పరిహరింతురు. అది కత్తితో ముడి విప్పుట. ఉన్న గ్రంథమునకు ఏకవాక్యత కుదురుచుండగా వాక్యభేదము కల్పించుట న్యాయము కాదు. 'నన్నుగూర్చి' యని తెలుగు చేయబడిన పదమునందలి విభక్త్యవ్యయము 'ఎల్'. దాని ముఖ్యార్థము వైపునకు, తో, అని. అది 'గూర్చి' యను అర్థమునను అక్కడక్కడ ప్రయుక్తమగును గనుక తెలుగు తప్పు కాదు. కాని యా వాక్యముననే, దేవుడు యోబు'తో' పలికెను, ఎలీఫజు'తో' పలికెను, అన్న రెండుచోట్లను ఆ యవ్యయమే యున్నది. మూడవచోటను ముఖ్యార్థమునే గ్రహించినచో, యోబువలె మీరు నా'తో' యుక్తముగా పలుకలేదు, అని తేలును. విరోధము తొలగును. యోబు చెప్పిన విషయమున కొఱత యున్నది, అందుకు గద్దింపు. చెప్పిన దిక్కున కొఱత లేదు, అందుకు మెప్పు.

ఫలశ్రుతినిగూర్చి తెలుగు చదువరికి ఒక సందేహము తప్పదు. గొఱ్ఱెలు 14,000, ఒంటెలు 6,000, ఎడ్లు 1,000 జతలు, గాడిదలు 1,000, అన్నియు రెట్టింపైనవి. అయినచో అపవాది మాటయే నెగ్గెను గదా, భక్తికి కూలి ముట్టెను గదా! దీనికి సమాధానము బిడ్డలలెక్కలో నున్నది. వారు ఏడుగురు, ముగ్గురు, రెట్టింపు కాలేదు. పోయినవారు బ్రదుకనులేదు. గౌరన ద్విపదలో హరిశ్చంద్రుని కుమారుడు లోహితాస్యుడు మఱల జీవించును, పరీక్ష పరీక్షయని యందఱకును తెలియును. ఊజు దేశమున పది గోరీలు అట్లే యుండెను. ఆ తరువాత యోబు 140 సంవత్సరములు బ్రదికెను. కొడుకుల పేర్లు కవి చెప్పలేదు, కూతుండ్ర పేర్లు చెప్పెను, అన్నదమ్ములతోపాటు వారికి స్వాస్థ్యము కలదనెను. కెరెంహప్పుకు అను పేరునకు కాటుకకొమ్ము అని యర్థము. అంతటి యేడ్పు తరువాత బిడ్డకు కన్నులకు పెట్టు కాటుకపేరు పెట్టినవాడు లోకముతో మఱల పొత్తు కలిపినాడని తెలియును. గొఱ్ఱెలలెక్క చెప్పలేనిది ఆ పేరు చెప్పినది.

క్రీస్తుమతస్థులు ఈ గ్రంథమును సిలువకథతో చేర్చి చదువుదురు. పందొమ్మిదవ యధ్యాయమునందలి 'గోయేల్', అనగా జ్ఞాతి యాపదలోనుండగా భూమిని విడిపించు దగ్గఱి చుట్టము, వారికి క్రీస్తే. కవి యుద్దేశించినది అదియే యని చెప్పుటకు ఆ చోటి పాఠము మిక్కిలి చెడియున్నది. కాని వేఱొక పోలిక వ్యాకరణమునుండియే లభించును. పుట్టుగ్రుడ్డివానిని చూచి, వీడు పాపము చేసెనా, వీని తలిదండ్రులు చేసిరా యని శిష్యులు ఎలీఫజు ప్రశ్ననే యడిగినపుడు యేసు రెండును కాదనెను. సిలువపై ఆయనయే విడువబడినవాడై యరచిన యరామికు పలుకు, మార్కు సువార్తలో గ్రీకు వాక్యముల నడుమ యథాతథముగా నిలిచినది. అది ప్రశ్న, దానికి అక్కడ జవాబు లేదు. ఆ సంబోధనమునందు 'నా' యను షష్ఠ్యర్థకప్రత్యయము రెండుసారులును కలదు, క్రియ మధ్యమపురుషము. చుట్టునున్నవారు మాత్రము ఆయననుగూర్చి ప్రథమపురుషమున మాటలాడుకొనుచుండిరి.

తెలుగు అనువాదమును మఱల పరిష్కరించువారు నలువదిరెండవ యధ్యాయము ఏడవ వాక్యమునొద్ద 'నాతో' అను పాఠాంతరమును అంచున చూపుట మంచిది. 'హిన్నాం' వచ్చిన నాలుగుచోట్లను ఒక్క తెలుగుమాటయే యుంచుట మఱియు మంచిది. మొదటివారు ఎన్నుకొన్న 'ఊరక' యందుకు చాలును.